"మీ ఇష్టం" అన్న జవాబు

శ్రోతలకు నమస్కారం.

ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి చూడండి. అన్నం ఎన్నింటికి పెట్టమంటావమ్మా? "మీ ఇష్టం." ఫ్యాను వెయ్యనా? "మీ ఇష్టం." ఆ మాట పట్టుకుని మనం నిజంగానే మన ఇష్టప్రకారం చేసేస్తాం.

నేను నర్సుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు మంచాన ఉన్న పెద్దవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, వాళ్ళను చూసుకునే అమ్మాయిలకు పని నేర్పుతుంటాను. అలా ఆ మధ్య మన విశాఖపట్నం పెదజాలారిపేటలో ఒక మామ్మగారి ఇంటికి వెళ్ళాను. 80 దాటిన మనిషి. పక్షవాతంతో ఒకవైపు చెయ్యి, కాలు పడిపోయాయి. పొద్దున్న ఏడింటికి కేర్‌టేకర్ వస్తుంది, వచ్చీరాగానే స్నానం. మామ్మగారు చెంబు తోసేసేవారు. కొంగు గట్టిగా పట్టుకుని ఏడ్చేవారు. చాదస్తం అన్నారు ఇంట్లో. మతి తప్పుతోందేమోనని టెన్షన్ పడ్డారు. నీళ్ళు ఇంకాస్త వేడిగా కాచారు. సబ్బు మార్చారు. కేర్‌టేకర్‌ని కూడా మార్చారు. వేళ మాత్రం మార్చలేదు.

నేను పక్కన కూర్చుని స్నానం ఊసెత్తలేదు. "మామ్మా, చేపలమ్మే రోజుల్లో పొద్దున్నే లేచి ఏం చేసేదానివి?" అన్నాను.

ముఖం విచ్చుకుంది. తెల్లారకముందే ఫిషింగ్ హార్బరుకు వెళ్ళడం, వేలంలో కానాగంతలు పాడుకోవడం, తట్ట నెత్తిన పెట్టుకుని ఎం.వి.పి. కాలనీ వీధులన్నీ తిరగడం, అన్నీ చెప్పారు. మరి స్నానం ఎప్పుడు మామ్మా?

"పొద్దున్నే తానమాడితే ఏటి లాభవమ్మా? తట్టెత్తితే మళ్ళీ అదే వాసన. సందేళ తానమాడి, ఉతికిన సీర కట్టుకుంటే అప్పుడు నా పనయిపోయినట్టు."

మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం అన్నాను. "అడిగినోలెవలు?" అన్నారు.

స్నానం సాయంత్రం ఐదింటికి మార్చాం. కేర్‌టేకర్ వేళలు సర్దుకోవడానికి కోడలు కొంచెం ఇబ్బంది పడింది, అది దాచను. కానీ చెంబు తోసెయ్యడం ఆగిపోయింది.

బ్రిటన్‌లో టామ్ కిట్‌వుడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, డిమెన్షియా, అంటే మతి తప్పే జబ్బు, ఉన్నవాళ్ళలోనూ ముందు మనిషిని చూడండి, జబ్బును తరువాత చూడండి అని 1990లలో గట్టిగా వాదించారు. అమెరికాలో నర్సింగ్ హోములంటే పెద్దవాళ్ళను ఉంచుకుని చూసుకునే చోట్లు. అక్కడివాళ్ళు 2010 అక్టోబరు నుంచి పెద్దవాళ్ళను వరసగా అడుగుతున్నారు. ఏ బట్టలు కట్టుకోవాలో, స్నానం ఎలా చెయ్యాలో, ఎన్నింటికి పడుకోవాలో మీరే నిర్ణయించుకోవడం మీకు ఎంత ముఖ్యం అని. చాలా ముఖ్యం, కొంత ముఖ్యం, ఇలా జవాబులుంటాయి. వాటిలో ఒకటి నా మనసుకు తగిలింది. "ముఖ్యమే, కానీ నాకు కుదరదు, నా చేతిలో లేదు." మన పెద్దవాళ్ళు "మీ ఇష్టం" అన్నప్పుడు చాలాసార్లు దాని వెనక ఉండేది ఈ జవాబే అనిపిస్తుంది నాకు.

మా అమ్మ సంగతి మాకు తెలీదా అంటారు పిల్లలు. మనకు తెలిసింది మనకు వడ్డించిన అమ్మ. ఆవిడకు దిండు ఎత్తుగా కావాలా, పల్చగానా? నర్సునై ఉండి కూడా మా అమ్మను నేనెప్పుడూ అడగలేదు.

అందుకే ఇవాళ ఒక్కటే చెబుతాను. "ఏం కావాలి" అని ఊరికే అడగకండి, రెండు చూపించి అడగండి. రెండు చీరలు, రెండు వేళలు, కిటికీ పక్కన కుర్చీ, గుమ్మం పక్కన కుర్చీ. అడిగాక ఆగండి. జవాబు రావడానికి మనం అనుకున్నదానికన్నా ఎక్కువసేపు పడుతుంది. మాట రాకపోతే కళ్ళు ఎటు వెళ్తున్నాయో, చెయ్యి దేన్ని తోస్తోందో చూడండి. ఇది మీకు ముఖ్యమా అని కూడా అడగండి. తెలిసింది కాగితం మీద రాసి మందుల డబ్బా పక్కన అంటించండి. రేపు కేర్‌టేకర్ మారినా కాగితం ఉంటుంది. కొన్నాళ్ళకు మళ్ళీ అడగండి, ఇష్టాలు మారతాయి.

మొన్న సాయంత్రం మళ్ళీ వెళ్ళాను. మామ్మగారి స్నానమయింది, జుట్టు తడిగా ఉంది, గుమ్మంలోంచి సముద్రపు గాలి వస్తోంది. అమ్మాయి రెండు చీరలు తెచ్చి చూపించింది. మామ్మగారు రెండింటినీ చూసి తల అడ్డంగా ఊపి, బాగున్న చేత్తో బీరువా వైపు చూపించారు.