పొద్దున్నే పిడికిలి బిగియకపోతే

శ్రోతలకు నమస్కారం.

కీళ్ల నొప్పులు అనగానే మన ఇళ్లలో వచ్చే మొదటి మాట ‘వయసు మీద పడుతోంది కదా’, రెండో మాట ‘గుజ్జు అరిగిపోయి ఉంటుంది’. అరవై దాటినవాళ్ల మోకాళ్ల విషయంలో చాలావరకు అది నిజమే. కానీ ముప్పై అయిదేళ్ల మనిషికి రెండు చేతుల వేళ్ల కణుపులూ వాచి, పొద్దున లేవగానే పిడికిలి బిగించలేకపోతుంటే దాన్ని వయసు మీదకో అరుగుదల మీదకో నెట్టేయకూడదు.

గుంటూరులో నేను నర్సుగా పనిచేసిన రోజుల్లో మిర్చి తొడిమలు తీసే ఆడవాళ్లు చాలామంది ఓపీకి వచ్చేవారు. బొటనవేలు, చూపుడువేలు రోజంతా ఆడుతూనే ఉండాల్సిన పని అది. ఒకావిడ నాకు ఇప్పటికీ గుర్తు. చేతులు చాపమంటే చాపింది. చూపుడువేలు, నడిమివేలు మొదళ్ల దగ్గర కణుపులు ఉబ్బి, వాటి మధ్య ఉండాల్సిన పల్లం పూడిపోయింది. నొక్కి చూస్తే మెత్తగా, వెచ్చగా తగిలింది. రెండో చెయ్యీ అచ్చం అలాగే ఉంది. ‘పొద్దున్నే కొళాయి తిప్పలేను సిస్టర్, పిల్లకి జడ వేయలేను, తొమ్మిదయితే గానీ చేతులు స్వాధీనంలోకి రావు’ అంది.

ఆ చివరి మాట చాలా ముఖ్యం. అరుగుదల నొప్పి పని చేసేకొద్దీ పెరుగుతుంది, కాసేపు కూర్చుంటే తగ్గుతుంది. పొద్దున పట్టేసినా కాసేపటికే వదిలేస్తుంది. కీళ్లవాతం, అంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్, అలా కాదు. రాత్రంతా పడుకుని లేచాకే ఎక్కువ. అరగంట, గంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు పట్టు వదలదు. వేళ్లు, మణికట్లు, పాదాల ముందు భాగం ఎక్కువగా వాస్తాయి, అదీ రెండు పక్కలా. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే కీలు లోపలి పొర మీద దాడి చేయడం వల్ల వచ్చే జబ్బు ఇది. మగవాళ్లకంటే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. వాపు అలాగే ఉండిపోతే పక్కనున్న ఎముకనూ తినేస్తుంది. ఒకసారి వంకర పోయిన వేలు మందులతో మళ్లీ తిన్నగా రాదు. అందుకే వాపు కనిపించిన నెలన్నర లోపే రుమటాలజిస్టుకు, అంటే ఇలాంటి కీళ్ల జబ్బులు చూసే స్పెషలిస్టుకు, చూపించుకోవాలి.

2006లో చికున్‌గున్యా ఊళ్లకు ఊళ్లను మంచాన పడేసిన సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అప్పటినుంచి ఏ కీలు నొప్పెట్టినా ‘గున్యా నొప్పులే, అవే పోతాయి’ అనడం అలవాటైపోయింది. ఆ జ్వరం తర్వాత నొప్పులు నెలల తరబడి ఉండే మాట నిజమే. మూడు నెలలు దాటినా వాపు ఉంటే మాత్రం అదీ డాక్టరు చూడాల్సిందే.

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఈ మధ్యలో జరిగే ఆలస్యం. ఇందాక చెప్పిన ఆవిడ కొంగు ముడి విప్పి కాగితం పొట్లం తీసింది. లోపల పేరూ ఊరూ లేని తెల్ల మాత్రలు, ఒక పసుపు మాత్ర. వేసుకుంటే గంటలో నొప్పి పోతుందట, పనిలోకి వెళ్లగలుగుతుందట. అంత చప్పున పనిచేసేవాటిలో తరచూ స్టెరాయిడ్ ఉంటుంది. స్టెరాయిడ్ విషమేమీ కాదు, రుమటాలజిస్టులు కూడా మొదట్లో కొద్ది మోతాదులో, కొద్దికాలం ఇస్తారు. ఎవరూ లెక్క చూడకుండా నెలలూ ఏళ్లూ మింగుతూ పోతే ముఖం ఉబ్బుతుంది, షుగరు, బీపీ పెరుగుతాయి, ఎముకలు గుల్లబారతాయి. అలా వాడుతున్నవాళ్లు ఇది విని రేపటినుంచి ఒక్కసారిగా మానేయకండి, అదీ ప్రమాదమే. ఆ పొట్లం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి, ఆయనే మెల్లగా తగ్గిస్తారు.

విజయవాడ సూర్యారావుపేటలో, గుంటూరు కొత్తపేటలో ఆస్పత్రి బోర్డులకు కొదవ లేదు. రుమటాలజీలో ప్రత్యేక శిక్షణ ఉన్నవాళ్లెవరో అడిగి తెలుసుకోండి. డబ్బుకు ఇబ్బంది అయితే పెద్దాసుపత్రిలో జనరల్ మెడిసిన్ ఓపీకి వెళ్లండి, అక్కడే ఎవరికి చూపించాలో చెబుతారు. వెళ్లేముందు వాపు బాగా ఉన్న రోజున చేతుల్ని ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. డాక్టరును కలిసే రోజుకు వాపు తగ్గి ఉండొచ్చు. పొద్దున ఎంతసేపు పట్టేస్తోందో రాసుకోండి. వాడిన మాత్రలు, పొడులు, పసర్లు ఏవీ దాచకుండా చెప్పండి. కీళ్లవాతం కోసం చేసే ఆర్‌ఏ ఫ్యాక్టర్ అనే రక్తపరీక్షలో నెగటివ్ వచ్చిందని జబ్బు లేదనుకోవద్దు. జబ్బు ఉన్నా కొందరికి నెగటివే వస్తుంది, లేనివాళ్లలో కొందరికి పాజిటివ్ వస్తుంది.

సాధారణంగా మొదట రాసే మందు మెథోట్రెక్సేట్. దీన్ని వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదకు వస్తుంది. వారంలో ఏ రోజు వేసుకోవాలో చీటీ మీద తెలుగులో రాయించుకోండి. నోట్లో పుండ్లు, జ్వరం, పొడి దగ్గు, ఆయాసం వస్తే వెంటనే డాక్టరుకు చెప్పండి. గుణం కనిపించడానికి నెలన్నర నుంచి మూడు నెలలు పడుతుంది, ఈలోగా రక్తపరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. క్యాన్సర్ మందట అని ఎవరో చెబితే భయపడి మానేసినవాళ్లను చూశాను. క్యాన్సర్‌కు వాడే మోతాదు వేరు, ఇది దానికంటే చాలా తక్కువ. ఈ మందూ, దాంతోపాటు ఇచ్చే ఫోలిక్ యాసిడ్ మాత్రా రెండూ మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో నడిపించిన పరిశోధనల నుంచి వచ్చినవే. ఆ మాట చెబితే పేషెంట్ల ముఖంలో భయం కాస్త తగ్గేది.

పథ్యం సంగతి అందరూ అడుగుతారు. గోంగూర, వంకాయ మానేస్తే కీళ్లవాతం పోదు. పొగ మానేయడం మాత్రం నిజంగా పనికొస్తుంది. ఒకే కీలు ఉన్నట్టుండి ఎర్రగా వాచి, కాలిపోతూ, జ్వరం కూడా ఉంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి. లోపల చీము పట్టి ఉండొచ్చు.

ఇక పెళ్లి కావాల్సిన ఆడపిల్లల తల్లిదండ్రులతో ఒక మాట. బయట తెలిస్తే సంబంధాలు రావని వైద్యం వాయిదా వేస్తున్నారు. జబ్బు మాత్రం వాయిదా పడదు. సరైన వైద్యం అందితే ఈ పిల్లలు ఉద్యోగాలు చేస్తారు, పిల్లల్ని కంటారు. కాకపోతే మెథోట్రెక్సేట్ వాడుతుండగా గర్భం రాకూడదు. బిడ్డను కనాలనుకున్నప్పుడు ముందే డాక్టరుతో చెబితే దాన్ని ఆపించి, గర్భంలో వాడదగ్గ మందులకు మారుస్తారు. పెళ్లయ్యాక ఆ అమ్మాయితో పాటు భర్త కూడా ఒకసారి డాక్టరు దగ్గరికి వెళ్లి ఇవన్నీ కూర్చుని వినాలి.

నమస్కారం.