పిప్పరమెంట్ల కోసం పోయిండా?

యాంకర్: దేవరకొండ నుంచి ఎం.ఏ. ఇంగ్లిష్ విద్యార్థిని లైన్లో ఉన్నరు. చెప్పమ్మా.

కాలర్: నమస్తే సార్. సెమినార్‌కు వాల్టర్ డీన్ మైయర్స్ నవల 'మాన్‌స్టర్' తీసుకున్న. మందుల షాపు దోపిడీల ఓనరు చనిపోయిన కేసుల పదహారేండ్ల స్టీవ్ మీద విచారణ, కథంతా వాని డైరీ, వాడు రాసిన సినిమా స్క్రిప్టు లెక్క నడుస్తది. స్టీవ్ తప్పు చేసిండా, చేయలేదా, ఎంత చదివినా తేల్తలేదు.

లెక్చరర్: తేల్చే పని పెట్టుకోకమ్మా. జ్యూరీ, అంటే తీర్పు చెప్పే మామూలు జనం, స్టీవ్‌ను విడిచిపెట్టింది, వానితో పాటు నిందితుడైన కింగ్‌కు శిక్ష పడ్డది. కానీ గెలిపించిన లాయర్ ఓబ్రయనే, స్టీవ్ హత్తుకోబోతే మొహం తిప్పుకుంటది. ఎందుకన్నదే నీ సెమినార్.

నోట్‌బుక్ పేజీ నడుమ గీత కొట్టు. ఎడమకు కోర్టుల చెప్పింది, కుడికి డైరీల రాసుకున్నది. స్టీవ్ బోనులో నిలబడి ఆ రోజు మందుల షాపుకే పోలేదంటడు. డైరీల మాత్రం, పిప్పరమెంట్లు చూద్దామని లోపలికి పోయి బయటికొచ్చిన, దాంట్ల తప్పేముందని రాసుకుంటడు. ఆ రెండూ ఎదురెదురుగ పెట్టు.

కాలర్: స్క్రిప్టు భాగం నిజమనుకోవాల్నా సార్?

లెక్చరర్: చానమంది దెబ్బతినేది ఆడనే. డైరీనొక్కటే స్టీవ్ గొంతనుకొని, స్క్రిప్టును కోర్టు రికార్డు లెక్క చదువుతరు. అదీ స్టీవ్ రాసిందే. స్కూల్ల సినిమా తీయడం నేర్చుకున్న పిల్లగాడు. ఏ సీన్ చూపాలె, ఎక్కడ కట్ చేయాలె అన్నది వాని ఇష్టం. షాపు ముందర ఏం జరిగిందో పూర్తిగ ఎందుకు చూపలేదని అడుగు. సాక్షుల పేర్ల పక్కన వాళ్లకేం లాభమో కూడా రాయి. బోబో, ఓస్వాల్డో ఇద్దరూ ప్రాసిక్యూషన్‌తో ఒప్పందం చేసుకున్నోళ్లే.

కాలర్: కాల్చింది స్టీవ్ కాదు గదా, హత్య కేసెట్లయితది?

లెక్చరర్: న్యూయార్క్ చట్టంల దాన్ని ఫెలనీ మర్డర్ అంటరు. దోపిడీల మనిషి చనిపోతే, దాంట్ల చేయి కలిపినోళ్లందరి మీదా హత్య కేసే. స్టీవ్ ముందుగ షాపు చూసి వచ్చిండన్నది ఆరోపణ. పేలిన తుపాకీ షాపు ఓనరుదే.

మన చట్టాన్ని దీంతో కలపొద్దు. ఇక్కడ పదహారేండ్లోన్ని ముందు జువెనైల్ జస్టిస్ బోర్డుకే తీసుకపోతరు. 2015 చట్టం ప్రకారం, ఘోర నేరమైతే బోర్డు ప్రాథమిక అంచనా వేసినంకనే పెద్దోళ్ల లెక్క విచారించే మాట. జ్యూరీ మనకు లేనే లేదు. నవల 1999ది, పదహారు, పదిహేడేండ్లోళ్లను పెద్దోళ్ల లెక్క విచారించే చట్టాన్ని న్యూయార్క్ మార్చింది 2017ల.

కాలర్: పేజీ నంబర్లు ఇస్తే చాలా సార్?

లెక్చరర్: ఎడిషన్ మారితే అవి మారుతయ్. డైరీ భాగమైతే దాని మీదున్న తేదీ కూడా రాయి. స్క్రిప్టైతే ఎవరు మాట్లాడుతున్నరో, ఏ సాక్షి విచారణో రాయి.

యాంకర్: తర్వాతి కాల్ మిర్యాలగూడ నుంచి.