యూర్యాలీ విగ్రహం రివ్యూ: ఆ నోరెందుకు మూసేశారు?

హాయ్ అందరికీ. ముందే చెప్పేస్తున్నా, ఈ గార్గాన్ అక్కచెల్లెళ్ల (గ్రీకు పురాణాల్లో తల మీద పాములుండే ముగ్గురు రాక్షసులు మెడూసా, స్థెనో, యూర్యాలీ) విగ్రహాల సెట్ అమ్మేవాళ్లే ఫ్రీగా పంపించారు, డబ్బులైతే నేనేం తీసుకోలేదు. సైజు, బరువు, రేటు మీరు లిస్టింగ్‌లో చూసే ఉంటారు కాబట్టి వాటి జోలికి పోను. మెడూసా బాగుంది, స్థెనో ఇంకా బాగుంది, నేరుగా యూర్యాలీ దగ్గరికి వచ్చేద్దాం, నేను ఈ సెట్ ఒప్పుకున్నదే తన కోసం.

కెమెరా దగ్గరికి తెస్తున్నా చూడండి. రెక్కల మీద గోల్డ్ పెయింట్ ఏ ఈకకి ఆ ఈక విడిగా వేశారు, చేతులకి కంచు రంగు. అపోలోడోరస్ పేరు మీదున్న పాత గ్రీకు పురాణాల పుస్తకంలో కూడా బంగారు రెక్కలు, కంచు చేతులు అనే ఉంటుంది, అంటే వీళ్లు చదివే చేశారు. ఇంతకుముందు నా దగ్గరున్న మెడూసా బొమ్మకి పాముల మీద గోరు తగిలితే చాలు రంగు లేచొచ్చేది, దీనికి ఆ బాధ లేదు. కానీ ఈ మొహం! పెదాలు మూసేసి, లిప్‌స్టిక్ వేసి, ఫొటోషూట్‌కి నిలబెట్టినట్టు పెట్టారండీ.

యూర్యాలీ అంటేనే ఆ ఏడుపు కదా. పెర్సియస్ అనే వీరుడు చెల్లెలు మెడూసా తల నరికాక యూర్యాలీ గుండెలు పగిలేలా ఏడిస్తే, అది విన్న ఎథీనా దేవత ఆ గొంతునే ఆలోస్ మీద పలికించిందని, ఆలోస్ అంటే మన సన్నాయిలా నోటితో ఊదేదే కానీ రెండు గొట్టాలుంటాయి, దాని మీద ఒక రాగమే కట్టిందని పాత గ్రీకు కవి పిండార్ పాడాడు, ఆ వాయిద్యం పోటీలో గెలిచిన మిడాస్ అనే వాద్యకారుడి కోసం, క్రీ.పూ. 490 ప్రాంతంలో. పైగా ఇంకో పాత గ్రీకు కవి హెసియోడ్ ప్రకారం ముగ్గురిలో చావున్నది మెడూసాకే, అక్కలిద్దరికీ చావూ లేదు ముసలితనమూ లేదు, మరి ఆ దుఃఖం ఎప్పటికి తీరుతుంది చెప్పండి?

గ్రీస్‌లోని ఎల్యూసిస్ మ్యూజియంలో క్రీ.పూ. 7వ శతాబ్దం నాటి పెద్ద కుండ ఉంది, దాని మీద తల లేని మెడూసా పడి ఉంటే అక్కలు పళ్లు బయటపెట్టి పెర్సియస్ వెనకాల పరిగెడుతుంటారు, అది యూర్యాలీ! 2007లో వచ్చిన గాడ్ ఆఫ్ వార్ 2 వీడియో గేమ్‌లో తనని భారీ శరీరంతో వికారంగా చూపించారు, నాకు నచ్చలేదు, కానీ చెల్లెల్ని చంపాడన్న కసి అయినా ఉంచారు. ఫేట్ గ్రాండ్ ఆర్డర్ అనే మొబైల్ గేమ్‌లో ముద్దుగా చిన్న దేవతని చేశారు, డిజైన్‌గా ఇష్టమే, ఆ ఏడుపు మాత్రం అక్కడా కనపడదు.

సో నా మాట, పెయింట్ ఎంత బాగున్నా సెట్ మొత్తం కొనొద్దు, స్థెనో ఒక్కటే విడిగా దొరికితే కళ్లు మూసుకుని తీసుకోండి. పంపినవాళ్లకి కూడా ఇదే మెసేజ్ పెట్టాను, యూర్యాలీ నోరు తెరిచి ఇంకోటి చేయండి, అది నా డబ్బులతో నేనే కొంటాను.