సంతకం ఎవరు పెడతారు?

నమస్కారం అండీ, అందరూ బావున్నారా. ఈరోజు టాపిక్ కొంచెం బరువైనదే, అమ్మో నాన్నో పోయిన చిన్నపిల్లల దుఃఖం గురించి, వంట చేసుకుంటూ విన్నా బస్సులో విన్నా పర్లేదు గానీ మధ్యలో మాత్రం ఆపేయకండి.

మా నాన్న పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. నన్ను తీసుకెళ్ళి పక్కింట్లో కూర్చోబెట్టి నాన్న ఊరెళ్ళాడమ్మా అన్నారు. అన్నయ్యకి పదమూడు, వాడి చేత తలకొరివి పెట్టించారు, వచ్చిన ప్రతివాళ్ళూ ఇంటికిక నువ్వే పెద్దదిక్కురా అని భుజం తట్టి వెళ్ళారు, దాంతో వాడు ఏడవటమే మానేశాడు. పదో రోజు అమ్మ గాజులు తీయించడం తలుపు సందులోంచి నేను చూశాను, దాని గురించి నాతో ఎవరూ ఒక్క ముక్క మాట్లాడలేదు. పెద్దకర్మ దాకా ఇంటినిండా జనం, మర్నాటికి చాపలు కూడా టెంట్‌హౌస్‌కి వెళ్ళిపోయాయి.

అప్పుడు నాకున్న బెంగ ఏంటో తెలుసా అండీ, స్వర్గం నరకం కాదు. క్వార్టర్లీ ప్రోగ్రెస్ కార్డు ఇస్తారు కదా, దాని మీద తండ్రి సంతకం అని ఉంటుంది, అది ఎవరు పెడతారు? అమ్మనడిగితే ఏడుస్తుంది, టీచర్నడిగితే అందరి ముందూ అయ్యో పాపం అంటుంది. మా క్లాసులో ఇంకో పిల్లకి నాన్న లేడు, లారీ యాక్సిడెంట్లో పోయి ఏడాదైంది. ఇంటర్వెల్లో కుళాయి దగ్గర తనే వచ్చి చెప్పింది, నేను మా తాత చేత వేలిముద్ర వేయిస్తా, ఏమీ అనరులే అని. అంతే, ఆ రాత్రి నాకు నిద్రపట్టింది. పెద్దవాళ్ళెవ్వరూ చేయలేని పని తను ఒక్క మాటతో చేసేసింది.

ఇలాంటి పిల్లల్ని ఒకచోట కూర్చోబెట్టడమే ఒక పద్ధతిగా నడుపుతున్న చోటు ఒకటుంది, అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లో, పేరు డగీ సెంటర్. డగీ టర్నో అనే పిల్లాడికి మెదడులో కణితి. తొమ్మిదేళ్ళ వయసులో చావుకి దగ్గరైన రోగులతో పనిచేసే ఎలిజబెత్ క్యూబ్లర్ రాస్ అనే డాక్టరుగారికి ఉత్తరం రాశాడు, బతుకంటే ఏంటి, చావంటే ఏంటి, చిన్నపిల్లలు ఎందుకు చచ్చిపోవాలి అని. ఆవిడ రంగుల స్కెచ్ పెన్నులతో బొమ్మలేసి మరీ జవాబు రాసింది. తర్వాత వాడు పోర్ట్‌లాండ్‌కి వైద్యానికి వస్తే బెవర్లీ చాపెల్ అనే నర్సు గమనించిందట, జబ్బుతో ఉన్న పిల్లలు పెద్దాళ్ళ దగ్గర నోరు విప్పరు, వాళ్ళలో వాళ్ళు మాత్రం అన్నీ మాట్లాడేసుకుంటున్నారు అని. డగీ 1981లో పోయాడు, పదమూడేళ్ళు. ఆ మరుసటి ఏడు 1982లో, అమ్మో నాన్నో పోయిన పిల్లల్ని కొద్దిమందిని పిలిచి బెవర్లీ తన ఇంట్లోనే ఈ సెంటర్ మొదలుపెట్టింది.

అక్కడ లెక్చర్లు ఉండవు. రెండువారాలకోసారి పిల్లలు గుండ్రంగా కూర్చుని, నా పేరిది, మా ఇంట్లో ఫలానావాళ్ళు చనిపోయారు, ఇలా చనిపోయారు అని చెప్తారు, చెప్పబుద్ధి కాకపోతే పాస్ అంటే చాలు, ఎవరూ బలవంతపెట్టరు. ఆ తర్వాత ఆటలే. అగ్నిపర్వతం గది అని ఒకటుంది, గోడలకి మెత్తలు వేసి ఉంటాయి, కోపం వస్తే ఆ మెత్తల్ని కొట్టచ్చు తన్నచ్చు, అరవచ్చు. నాకైతే మా అన్నయ్యకి ఆ గది ఒక్క గంట దొరికుంటే ఎంత బావుండేదో అనిపిస్తుంది. పిల్లలు లోపల ఉన్నంతసేపూ అమ్మానాన్నలకి, తాతమ్మమ్మలకి వేరే గదిలో వాళ్ళ గ్రూపు నడుస్తుంది, ఇది చాలా ముఖ్యం, అమ్మ కాస్త కుదుటపడకుండా పిల్లాడు కుదుటపడడు. ఆత్మహత్యతో పోయినవాళ్ళ పిల్లలకి వేరే గ్రూపు, ఎందుకంటే వాళ్ళు మోసే సిగ్గు వేరు. మన దగ్గర అప్పులపాలై పురుగుమందు తాగిన రైతుల ఇళ్ళల్లో చూడండి, పిల్లలకి నాన్న గుండెపోటుతో పోయాడని చెప్తారు, బళ్ళో ఇంకెవడో అసలు సంగతి చెప్పేస్తాడు.

జపాన్‌లో 1995 జనవరిలో కోబె భూకంపం వచ్చింది కదా, అషినాగా అనే సంస్థవాళ్ళు గడపగడపకీ తిరిగి అమ్మనో నాన్ననో పోగొట్టుకున్న పిల్లల్ని వెతికారు, 573 మంది తేలారు. వాళ్ళలో ఒక పిల్లాడు నల్లటి ఇంద్రధనస్సు బొమ్మ వేశాడు. 1999లో అక్కడ అలాంటి పిల్లల కోసం కట్టిన ఇంటికి ఇంద్రధనస్సు ఇల్లు అనే పేరు పెట్టారు.

మనకి కరోనా వచ్చింది. అమ్మా నాన్నా ఇద్దరూ పోయిన పిల్లలకి 2021లో కేంద్రం పీఎం కేర్స్ స్కీమ్ పెట్టింది, 23 ఏళ్ళొచ్చేసరికి 10 లక్షలు. మంచిదే, నేనేం కాదనను. కానీ ఆ పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకునే ఏర్పాటు మాత్రం ఎక్కడా నా కంట పడలేదు.

దీనికి పెద్ద బిల్డింగులేం అక్కర్లేదండీ, శనివారం సాయంత్రం బడిలో ఖాళీగా ఉండే ఒక గది, ఒక క్యారమ్ బోర్డు, నోరు మూసుకుని వినగలిగే ఇద్దరు పెద్దాళ్ళు. పిల్లాడు పది నిమిషాలు ఏడ్చి పదకొండో నిమిషం ఆటకెళ్తే వీడికేం పట్టలేదు అనకండి, వాళ్ళు ఏడ్చే తీరే అంత. ఊరెళ్ళాడు అనకండి, నేను బస్టాండుకి ఎన్నిసార్లు వెళ్ళానో నాకే తెలుసు. చనిపోయాడు, ఇక రాడు, నీ తప్పేం లేదు అని చెప్పండి. ఎందుకంటే నేను తిట్టుకున్నాను కాబట్టే పోయాడు అనుకునే పిల్లలు చాలామంది. మరీ కష్టంగా ఉంటే టెలీ మానస్ అని ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు, పైసా ఖర్చుండదు. పిల్లలకైతే 1098 ఉంది.

అన్నట్టు చెప్పడం మర్చిపోయా, మా అమ్మకి సంతకం పెట్టడం వచ్చు. అయినా ఆ క్వార్టర్లీకి నేను మా తాత వేలిముద్రే వేయించా, ఆ పిల్ల వాళ్ళింటి నుంచి ఇంకుప్యాడ్ తెచ్చింది మరి.