పళ్ల క్లిప్పులు తీశాక టీ మరక ఎక్కడ పడుతుంది?

అందరికీ నమస్కారం. అనంతపురంలో మధ్యాహ్నం మూడింటికి మిమ్మల్ని కూర్చోబెట్టి టీ గురించి మాట్లాడటం కొంచెం దుర్మార్గమే, బయట కాగుతున్న వాసన నాకూ వస్తోంది.

ఈ పింగాణీ కప్పు చూడండి, ఏళ్ల తరబడి ఇందులోనే తాగుతున్నా. నున్నగా ఉన్నచోట కడిగితే చాలు మరక పోతుంది. అంచు దగ్గర పెచ్చు లేచిందే, అక్కడ మాత్రం పీచు పెట్టి ఎంత రుద్దినా పోదు. క్లిప్పులు తీసిన పంటి మీద జరిగేదీ ఇదే.

క్లిప్పు అతికించే ముందు 37 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్ జెల్ పంటికి రాసి, 15 నుంచి 30 సెకన్లు ఉంచి కడిగేస్తాం. ఎనామెల్ మీద, అంటే పంటి పైనుండే గట్టి పొర మీద, కంటికి కనపడని గుంతలు పడతాయి, జిగురు వాటిలోకి దిగి గట్టిపడుతుంది, అందుకే రెండేళ్లు ఏం తిన్నా క్లిప్పు నిలబడుతుంది. తీసేటప్పుడు క్లిప్పు వచ్చేస్తుంది గానీ జిగురంతా రాదు. మిగిలింది మిషన్‌తో గీకి పాలిష్ చేయాలి. ఇక్కడ తొందరపడితే పలచటి పొర ఉండిపోతుంది, పంటి రంగులోనే ఉంటుంది కాబట్టి ఆ రోజు డాక్టరుకు కూడా కనపడదు. టీ, కాఫీల్లోని టానిన్లు, అంటే మరక పట్టించే వగరు పదార్థాలు, ఆ గరుకును పట్టుకున్నాకే బయటపడుతుంది.

మొన్న ఒక డిగ్రీ అమ్మాయి వాళ్లమ్మతో వచ్చింది. "దినానికి నాలుగు టీలు తాగుతాది సార్, చెప్తే వినదు" అని తల్లి. పన్ను గాలితో ఆరబెట్టి అద్దంలో చూపించా: కోర పంటి మీద గోధుమరంగు చతురస్రం, సరిగ్గా క్లిప్పు కూర్చున్నంత మేర. మామూలు టీ మరక పళ్ల సందుల్లో, చిగురు వెంబడి పడుతుంది, ఇలా స్కేలు పెట్టి గీసినట్టు ఉండదు. తప్పు అమ్మాయిది కాదు, జిగురు వదిలేసిన మా వృత్తివాళ్లది. పాలిష్ చేస్తే పోయింది. తల్లి మాత్రం కాస్త నిరాశపడినట్టు కనిపించింది.

కూల్‌డ్రింకుల్లో రంగుకన్నా పులుపు ప్రమాదం. పులుపును కొలిచేది పీహెచ్, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. కోలా పీహెచ్ దాదాపు 2.5, నోట్లో అది 5.5 కిందికి దిగితేనే ఎనామెల్ కరగడం మొదలు. నిమ్మకాయ పిండిన మన నన్నారి షర్బత్‌దీ అదే దారి, నాకిష్టమే గానీ చెప్పక తప్పదు. తాగాక నీళ్లతో పుక్కిలించండి, బ్రష్ అరగంట ఆగాకే. పాల టీ డికాషన్ కన్నా నయం, పాలలోని కేసీన్ అనే ప్రొటీన్ టానిన్లను పట్టేసుకుంటుంది.

మన జిల్లాలో ఇంకో చిక్కుంది. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఊళ్లలో పెరిగినవాళ్లకు గోధుమ మచ్చలు పన్ను తయారయ్యేటప్పుడే పడతాయి, వాటికి టీని తిట్టి లాభం లేదు. క్లిప్పులు పెట్టకముందే ఫొటో తీయించుకోండి, తర్వాత గొడవ ఉండదు.

బ్లీచింగ్ అంటూ పరుగెత్తేవాళ్లు ముందు జిగురు మిగిలిందేమో చూపించుకోండి. బ్లీచింగ్‌కు పన్ను తెల్లబడుతుంది, జిగురు తెల్లబడదు, మరక ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

మిగతా ప్రశ్నలు టీ దగ్గర అడగండి. క్లిప్పులు తీశాక పళ్లు కదలకుండా తొడుక్కునే ప్లాస్టిక్ రిటైనర్ ఉన్నవాళ్లు దాన్ని తీసి డబ్బాలో పెట్టుకుని రండి, దాని లోపల టీ చేరితే పళ్లను అందులో నానబెట్టినట్టే.