మన చేతుల మీదుగా జరిగే కథ

అందరికీ నమస్కారం.

కథలు, నవలల గురించి మాట్లాడుకునే ఈ హనుమకొండ సభలో వీడియో గేముల గురించి చెప్పమని నన్ను పిలిచారు. పిలిచినవారికి కృతజ్ఞతలు. ముందు వరుసల్లో ఉన్న పెద్దల్లో చాలామందికి గేమ్ అంటే మనవడు ఫోన్ పట్టుకుని తుపాకులు పేల్చడమే. వెనక కూర్చున్న పిల్లలకేమో నేను చెప్పబోయే పేర్లన్నీ కొట్టిన పిండి. మీ ఇద్దరికీ కలిపి ఒక్క మాట చెప్పాలని వచ్చాను. గేములో మంచి కథ ఉండటం వేరు, ఆ కథ మన చేతుల మీదుగా జరగడం వేరు. ఈ మధ్య నేను ఆడిన కథల గేముల్లో మనసులో నిలిచిపోయినవన్నీ రెండో రకంవే.

ముందు ఒక చిన్న గేమ్ తీసుకుంటాను. పేరు 'వాట్ రిమైన్స్ ఆఫ్ ఈడిత్ ఫించ్'. జెయింట్ స్పారో అనే స్టూడియో చేసింది, 2017లో వచ్చింది. రెండు మూడు గంటల్లో అయిపోతుంది. ఫించ్ కుటుంబంలో తరతరాలుగా మనుషులు అకాలంగా చనిపోతుంటారు. ఆ ఇంట్లో మిగిలిన అమ్మాయి ఈడిత్ పాత ఇంటికి తిరిగొచ్చి, ఒక్కో గదిలోకి వెళ్ళి, అక్కడ బతికిన మనిషి ఎలా పోయారో తెలుసుకుంటుంది. ఒక్కొక్కరి కథను ఒక్కో తీరుగా ఆడాలి. అందులో ఈడిత్ అన్న లూయిస్ కథ దగ్గర కాసేపు ఆగుతాను.

లూయిస్ చేపలను డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. మన కుడిచేతిలో మౌస్ ఉంటుంది. దానితో చేపను అందుకోవాలి, కత్తి కిందికి జరపాలి, తల తెగాక మిగతాది బెల్టు మీద వేయాలి. వెంటనే ఇంకో చేప వస్తుంది. అదీ అంతే. కాసేపటికి తెర మీద ఒక పక్కన లూయిస్ ఊహ మొదలవుతుంది. చిన్న బొమ్మ లాంటి మనిషి ఇరుకు దారుల్లో నడుస్తుంటాడు. వాణ్ణి ఎడమచేత్తో నడిపించాలి. కుడిచేయి మాత్రం చేపల పని ఆపకూడదు. ఊహ మెల్లగా పెరుగుతుంది. దారి ఊరవుతుంది, ఊరు నగరమవుతుంది, సంగీతం వస్తుంది, జనం వస్తారు. చివరికి తెరంతా ఊహే ఆక్రమించేస్తుంది. అప్పుడు గమనిస్తాం, మన కుడిచేయి ఇంకా చేపలు కోస్తూనే ఉంది. మనం అటు చూసి ఎంతసేపయిందో కూడా తెలియదు. ఆ తర్వాత ఏమైందో చెప్పను, మీరే ఆడాలి.

నేను ఆడుతుంటే మా అమ్మ పక్కనే కూర్చుని చూసింది. అమ్మ కోరుట్లలో చాలా ఏళ్ళు బీడీలు చుట్టింది. ఒళ్ళో చాట, పక్కన తడిపిన తునికాకు. కొలతకు ఆకు కత్తిరించడం, తంబాకు పోయడం, చుట్టడం, మూతి మడవడం, దారం కట్టడం. అన్నీ అయ్యేలోపే రెండో ఆకు చేతిలో ఉండేది. లూయిస్ కథ చూసి అమ్మ అన్న మాట ఇది: "చేతులు వాటి పాటికి అవి చుడుతనే ఉంటయి బిడ్డా. మనసు యాడికో పోయి వస్తది." ఆమెకు ఇంగ్లిష్ రాదు. తెర కింద వచ్చే అక్షరాలు చదవలేదు. అయినా ఆ కథ ఆమెకు నాకంటే బాగా అర్థమైంది. ఒళ్ళు ఒకచోట, మనసు ఒకచోట ఉండటాన్ని రచయిత వర్ణించగలడు, దర్శకుడు చూపించగలడు. మన రెండు చేతులకే అది జరిపించింది మాత్రం ఈ గేమే.

ఇక పెద్ద గేమ్. 'రెడ్ డెడ్ రిడెంప్షన్ 2'. రాక్‌స్టార్ సంస్థ చేసింది, 2018లో వచ్చింది. అది 1899 నాటి అమెరికా. ఆర్థర్ మోర్గన్ ఒక దోపిడీ ముఠాలో మనిషి. ముఠా అప్పులిస్తుంది, వసూలుకు ఆర్థర్‌ను పంపుతుంది. అలా ఒక పేద రైతు ఇంటికి వెళ్తాడు. ఆ రైతు ఒంట్లో బాగాలేదని చూస్తేనే తెలుస్తుంది. భార్యాబిడ్డల ఎదుటే అతణ్ణి కొట్టాలి. కొట్టడానికి బటన్ నొక్కాల్సింది మనం. నొక్కుతాం, గేమ్ చెప్పింది కదా. ఆ పెనుగులాటలో అతను దగ్గితే నెత్తురు ఆర్థర్ ముఖం మీద పడుతుంది. ఆ సంగతి అక్కడితో మరిచిపోతాం. వేటాడతాం, చేపలు పడతాం, గుర్రానికి తోమడం, మేత పెట్టడం చేస్తాం. బోలెడు గంటలు గడిచాక ఆర్థర్ నడివీధిలో కుప్పకూలిపోతాడు. డాక్టర్ క్షయ అని చెబుతాడు. నాకు వెంటనే గుర్తొచ్చింది ఆ బటన్. సినిమా అయితే "అయ్యో, వాడు అలా చేయకుండా ఉండాల్సింది" అనుకునేవాణ్ణి. ఇక్కడ చేసింది నా వేలు. ఆర్థర్ మిగిలిన రోజుల్లో ఎవరికి సాయం చేసినా, ఎవరి అప్పు మాఫీ చేసినా, ఆ మొదటి ఇల్లే కళ్ళ ముందు మెదిలింది.

ఇంత గొప్ప గేములోనూ నాకు కోపం తెప్పించే సంగతి ఒకటుంది. ఊళ్ళు, అడవులు, కొండలు అన్నీ నీవే, ఎటైనా పో అంటుంది. తీరా కథలో ఒక ఘట్టం మొదలైతే, గీసిన గీత దాటనివ్వదు. నాలుగడుగులు పక్కకు వేస్తే చాలు, మిషన్ ఫెయిల్ అంటుంది. అవతలి గట్టు నుంచి వెళ్తే పని సులువు కదా అని మన బుర్రకు తోచినా కుదరదు. అలాంటప్పుడు టెన్షన్ కథలో ఉండదు, గీత దాటుతామేమోనన్న భయంలో ఉంటుంది.

'ద లాస్ట్ ఆఫ్ అస్' రెండో భాగం గురించి ఎక్కువ చెప్పను. 2020లో వచ్చిన ఆ గేమ్ మీద ఇక్కడున్న పిల్లలు నాతో తగువుకు సిద్ధంగా ఉన్నారని తెలుసు. ఒక మనిషిని మనం పీకలదాకా ద్వేషించేలా చేసి, ఆ తర్వాత గంటల తరబడి అదే మనిషిగా ఆడమంటుంది. చాలామంది అక్కడే వదిలేశారు. గేమ్ సాగదీసినట్టుందన్నది నేనూ ఒప్పుకుంటాను. కానీ అందులో ఒక గిటార్ ఉంది. పగతో బయలుదేరిన ఎల్లీ అనే అమ్మాయి గిటార్ వాయించాలంటే మనం కంట్రోలర్, అంటే ఆడేందుకు చేతిలో పట్టుకునే పరికరం మీదున్న పలకను వేలితో మీటాలి. వేలికి అలవాటవుతుంది, చెవికి ఇష్టమవుతుంది. చిట్టచివర అదే గిటార్‌ను మళ్ళీ మన చేతికిస్తుంది. పగ ఆమె దగ్గర ఏం తీసుకుందో ఎవరూ మాటల్లో చెప్పరు, మన వేలే తెలుసుకుంటుంది. ఆ ఒక్క చోటు కోసం గేమ్ మొత్తాన్ని క్షమించేశాను.

2025లో అందరి నోటా నానిన పేరు 'క్లేర్ ఆబ్‌స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33'. ఫ్రాన్స్‌లోని మోంపెలియే నగరంలో సాండ్‌ఫాల్ అనే స్టూడియో చేసింది. ఆ ఏడాది ద గేమ్ అవార్డ్స్‌లో మేటి గేమ్ బహుమతి దానికే వచ్చింది. లూమియేర్ అనే నగరం. సముద్రం అవతల పెద్ద రాతి స్తంభం. ఏడాదికోసారి ఒక చిత్రకారిణి లేచి దాని మీద ఒక అంకె రాస్తుంది. ఆ వయసు మనుషులు పూలరేకుల్లా గాలిలో కలిసిపోతారు. మరుసటి ఏడాది అంకె ఒకటి తగ్గుతుంది. గేమ్ మొదట్లో మనం గుస్తావ్ అనే అతనిగా, పోబోతున్న సోఫీతో కలిసి వీధుల్లో నడుస్తాం. పోయేవాళ్ళు మెడలో పూలు వేసుకుని ఉంటారు. పిల్లల్ని కనాలా వద్దా అని జంటలు మాట్లాడుకుంటుంటాయి. అక్కడ యుద్ధం లేదు, పరుగు లేదు. మనం చేసేది నడవడమే, ఎవరైనా కనిపిస్తే ఆగి మాట్లాడటమే. సోఫీ మాయమవబోయే రేవు దగ్గరికి ఎంత నెమ్మదిగా వెళ్దామా అని చూస్తాం. ఈ మధ్య ఆడిన గేములన్నిటిలోకీ ఉత్తమమైన తొలి గంట ఇదే.

ఆ తర్వాతే నాకు పేచీ. పోరాటాలు బాగున్నాయి. శత్రువు దెబ్బను సరిగ్గా సమయానికి అడ్డుకుంటే వచ్చే మజా వేరు. అయితే ఆ మజాకూ, ఆ జనం మోస్తున్న దుఃఖానికీ సంబంధం లేదు. దుఃఖమంతా మనం చేతులు కట్టుకుని చూసే సన్నివేశాల్లో ఉంది, చేతులకు దొరికిన పని శత్రువుల్ని కొట్టడమే. చివర్లో రెండు దారుల్లో ఒకటి ఎంచుకోమంటుంది. రెండూ నొప్పి పెట్టేవే, అది నిజాయితీగా ఉంది. బహుమతికి అర్హమైనదే. నా మొదటి వరుసలో మాత్రం ఉండదు.

'డిస్కో ఎలిజియం' అని 2019 నాటిది ఒకటుంది, సాహిత్యం చదివేవాళ్ళకు అదే మొదట ఇవ్వాలనిపిస్తుంది. కొట్లాట బటనే లేదు, అంతా మాటలే. కానీ ఆ ఇంగ్లిష్ చాలా చిక్కన. తెలుగు మీడియంలో చదువుకున్నవాళ్ళకు కథ కంటే ముందు వాక్యంతోనే కుస్తీ. అందుకే ఇవ్వను.

దానికి బదులు 'వెన్బా' ఇస్తాను. కెనడాలోని టొరంటోలో విసై గేమ్స్ చేసింది, 2023లో వచ్చింది. 1980లలో తమిళనాడు నుంచి కెనడా వెళ్ళిన ఒక కుటుంబం. వెన్బా వాళ్ళమ్మ రాసిచ్చిన వంటల పుస్తకం చిరిగి, అక్షరాలు చెరిగిపోయి ఉంటుంది. ఏది ముందు, ఏది తర్వాత అన్నది మనం ఊహించి వండాలి. మొదటి వంట ఇడ్లీ. ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పేర్చేటప్పుడు పై ప్లేటు చిల్లులు కింది ఇడ్లీల మీదికి రావాలి. పక్కనున్న అమ్మ నాకంటే ముందే చెప్పేసింది: "గట్ల గాదు, పై పళ్ళెం జర తిప్పు." కొడుకు పెద్దవుతాడు, ఇంటి భాషకు దూరమవుతాడు. చాలా ఏళ్ళకు అదే పుస్తకం ముందేసుకుని తానే వంటకు దిగుతాడు. వంటింట్లో చేయి నేర్చుకున్న పని ఒక తరం నుంచి ఇంకో తరానికి ఎలా పోతుందో, ఎక్కడ తెగుతుందో, గంటన్నరలో తెలిసిపోతుంది.

వెన్బా ఆడాక మన ఉత్తర తెలంగాణ గురించే ఆలోచించాను. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి ఎంతమంది గల్ఫ్ పోయారో మీకు నేను చెప్పక్కర్లేదు. సెల్‌ఫోన్లు లేని రోజుల్లో మా వాడకట్టులో ఉత్తరాలతో పాటు క్యాసెట్లు పంపేవాళ్ళు. టేప్ రికార్డర్ ముందు ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడేవాళ్ళు. ఎవరైనా ఏడిస్తే ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ నవ్వుతూ చెప్పేవాళ్ళు. ఆ ఏడుపు దుబాయికి పోవద్దు కదా. దాన్ని గేమ్‌గా చేస్తే మన వేలి కింద ఉండేది రికార్డు బటనూ, చెరిపేసే బటనూ. అప్పు సంగతి ఉంచాలా, తీసేయాలా? నాన్న దగ్గు వినపడనివ్వాలా? ఇంతకంటే పెద్ద నిర్ణయాలు ఏ గేములోనూ అక్కర్లేదు. కోట్ల బడ్జెట్ అవసరం లేదు. నలుగురు కుర్రాళ్ళు, ఒక మంచి కథకుడు చాలు.

"సమ్మక్క మీద యుద్ధం గేమ్ చేయొచ్చు కదా అన్నా?" అని పిల్లలు అడుగుతుంటారు. అప్పుడు నాకు పుణేలో తయారై 2020లో వచ్చిన 'రాజీ' అనే గేమ్ గుర్తొస్తుంది. బొమ్మలు, గోడల మీది చిత్రాలు కళ్ళు చెదిరేలా ఉంటాయి. కథ మాత్రం దేవతలు మాటల్లో చెబుతుంటారు, మన చేతులకు రాక్షసుల్ని కొట్టడమే పని. సమ్మక్క కథకు అలా జరగకూడదని నా కోరిక. మేడారం గద్దెల మీద విగ్రహం లేదు. చిలకలగుట్ట నుంచి పూజారులు తెచ్చే కుంకుమ భరిణెలోనే జనం తల్లిని చూసుకుంటారు. ఆమెకు ముఖం గీసి, కత్తి ఇచ్చి, బటన్‌తో దూకించాలంటే ముందు కోయ పెద్దల్ని అడగాలి. నన్నడిగితే ఆ గేములో ఆడాల్సింది సమ్మక్కగా కాదు. మనిషి ఎత్తు బెల్లం మోసుకుంటూ, జంపన్న వాగులో స్నానం చేసి, ఆ జనంలో పిల్లవాడి చేయి వదలకుండా గద్దె దాకా నడిచే ఒక తల్లిగా ఆడాలి. చేయి వదిలితే పిల్లవాడు తప్పిపోతాడు. అంతసేపూ ఒక బటన్‌ను నొక్కి పట్టుకునే ఉండాలి.

నేను చెప్పాల్సింది అయింది. వెనక బల్ల మీద ల్యాప్‌టాప్‌లో లూయిస్ కథ పెట్టి ఉంచాను. ఎప్పుడూ గేమ్ ఆడనివాళ్ళు ముందు రండి, పిల్లలు కాస్త ఆగి పెద్దవాళ్ళను కూర్చోనివ్వండి. కుడిచేత్తో మౌస్, ఎడమచేత్తో నాలుగు మీటలు. అంతకు మించి ఏమీ నేర్చుకోనక్కర్లేదు.