కమిషన్ లెక్క మీ దగ్గర ఉందా?

అందరికీ నమస్కారం. ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామంది యూట్యూబ్, ఇన్‌స్టాల మీద బతుకుతున్నవాళ్లే కాబట్టి చట్టం పాఠం చెప్పను, నేరుగా డబ్బు గురించే మాట్లాడతాను.

మీరు ఒక మిక్సీ కొని, నాలుగు రోజులు వాడి, ఇడ్లీ పిండి రుబ్బి, మోత ఎంత వస్తుందో కూడా వినిపించి వీడియో పెట్టారు. కూకట్‌పల్లిలో ఒకావిడ అది చూసి, కింద మీ అఫిలియేట్ లింక్ (దాని ద్వారా ఎవరైనా కొంటే మీకు కమిషన్ వచ్చే లింక్) నొక్కి, మిక్సీని కార్ట్‌లో వేసుకున్నారు. డబ్బు కట్టే పేజీకి వచ్చేసరికి, ఆవిడ బ్రౌజర్‌లో ఎప్పుడో వేసుకున్న కూపన్ ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) ఒకటి పైకొచ్చి కూపన్లు వెతకమంటారా అని అడిగింది, ఆవిడ సరే అన్నారు. కూపన్ దొరకకపోయినా ఆ ఒక్క నొక్కుతో ఈ అమ్మకం మీ వల్ల వచ్చిందని చెప్పే మీ ట్యాగ్ పోయి వాళ్ల ట్యాగ్ వచ్చి కూర్చోవచ్చు. చివరి క్లిక్ ఎవరిదైతే కమిషన్ వాళ్లదే, ఈ వ్యాపారంలో ఎక్కువగా నడిచే పద్ధతి అది. కష్టం మీది, డబ్బు ఇంకొకరిది. నాకు ఇది అన్యాయంగానే కనిపిస్తుంది.

పేమెంట్ల కంపెనీ పేపాల్ 2020లో సుమారు 400 కోట్ల డాలర్లకు కొన్న హనీ అనే కూపన్ ఎక్స్‌టెన్షన్ మీద వచ్చిన ఆరోపణ ఇదే. 2024 డిసెంబర్‌లో మెగాలాగ్ అనే యూట్యూబ్ ఛానెల్ దీన్ని బయటపెట్టింది, ఆ నెల తిరక్కముందే క్రియేటర్లు కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టుకెక్కారు. మేం పరిశ్రమ నియమాల ప్రకారమే నడుస్తున్నాం, చివరి క్లిక్ అందులో భాగమే అని పేపాల్ జవాబు. 2025 మార్చిలో గూగుల్ కూడా క్రోమ్ నియమాలు మార్చింది: కొనేవాళ్లకు నేరుగా లాభం లేకుండా ఎక్స్‌టెన్షన్లు అఫిలియేట్ కోడ్, అంటే తమ ట్యాగ్, పెట్టకూడదంది. ఇంత జరిగాక కేసు గెలిచినట్టే అనుకుంటాం కదా. కానీ 2025 నవంబర్‌లో కోర్టు ఆ ఫిర్యాదును కొట్టేసింది, నష్టం ఫలానా విధంగా మీకే జరిగిందని సరిగా చూపించలేదని. సవరించి మళ్లీ వేసుకోవడానికి మాత్రం అవకాశం ఇచ్చింది.

మనం పట్టుకోవాల్సింది అక్కడే. క్లిక్‌ల లెక్కంతా కంపెనీ సర్వర్‌లో ఉంటుంది, మీకు కనిపించేది వాళ్లు చూపించే డ్యాష్‌బోర్డ్ ఒక్కటే, అదీ ఏ రోజైనా మారిపోవచ్చు, అకౌంట్ మూసేస్తే పూర్తిగా మాయమవుతుంది. అందుకే నెలనెలా రిపోర్ట్ దించుకుని పెట్టుకోండి. వీలైతే ఒక పరీక్ష కూడా చేయండి: స్క్రీన్ రికార్డింగ్ పెట్టి, మీ లింక్‌తో వెళ్లి, కూపన్ ఎక్స్‌టెన్షన్ నొక్కకముందు, నొక్కాక అఫిలియేట్ కుకీ (ఆ ట్యాగ్‌ని బ్రౌజర్‌లో దాచే చిన్న ఫైల్) ఎవరి పేరున ఉందో చూడండి. డబ్బు కట్టే పేజీ దగ్గరే ఆగిపోండి, సొంత లింక్‌తో కొనడాన్ని చాలా ప్రోగ్రామ్‌లు ఒప్పుకోవు, ఆ సాకుతో అకౌంటే తీసేస్తారు. ఇలాంటి రికార్డింగ్‌ని మన కోర్టులో పెట్టాలంటే సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి, కాబట్టి అసలు ఫైల్‌ని కత్తిరించకుండా దాచండి.

ఇక ఒప్పందం. సైన్ చేసేముందు చివరి పేజీలు చదవండి. గొడవొస్తే ఏ ఊళ్లో తేల్చుకోవాలో అక్కడే రాసి ఉంటుంది. బెంగళూరు అనో, గురుగ్రామ్ అనో ఉంటే, 40 వేల బాకీ కోసం అక్కడిదాకా ఎవరు వెళ్తారు? గొడవ తేల్చే మధ్యవర్తిని (ఆర్బిట్రేటర్‌ని) కంపెనీయే ఒంటరిగా నియమిస్తుందని రాసుంటే మాత్రం భయపడకండి, అలాంటి నియామకం చెల్లదని సుప్రీంకోర్టు 2019లోనే చెప్పింది, 2024 నవంబర్‌లో రాజ్యాంగ ధర్మాసనం మళ్లీ గట్టిగా చెప్పింది.

సొంతంగా పనిచేసేవాళ్లు చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఇప్పుడే చేయించుకోండి, దానికి రుసుము లేదు. ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం మీకు రావాల్సింది 45 రోజులు దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ అడగొచ్చు. గొడవ మొదలయ్యాక రిజిస్టర్ చేయిస్తే పాత బాకీకి వర్తిస్తుందా లేదా అన్న వాదనతోనే ఏళ్లు గడుస్తాయి. మామూలు బాకీ కేసుకి గడువు మూడేళ్లే, కాబట్టి రెండు మూడేళ్ల కిందటి కమిషన్ రాలేదని ఇంకా మెయిల్స్ పెడుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఈ వారమే తేదీలు చూసుకోండి.